తోడికోడలితో మలేసియాకు

ఎనిమిదేళ్లుగా నాతో మాట్లాడని తోడికోడలు ఉన్నట్టుండి ఫోన్ చేసి, "అక్కా, మలేసియాకు పోదాం రా. ఇద్దరికీ టికెట్లు తీసేసినా" అన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఊరకరారు మహానుభావులు అనుకున్నాను.

ఆమె మా మరిది భార్య. కాపురం కుప్పంలో. మేముండేది మదనపల్లె, అత్తగారిల్లు పుంగనూరు. ఎనిమిదేళ్ల కిందట అత్తను ఆస్పత్రిలో చేర్చిన రోజు అత్తగారి కెంపుల కమ్మలు కనపడలేదు. ఆ పూట ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. తోడికోడలు వాకిట్లో నిలబడి, వీధంతా వినేట్టు, "ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంట" అనింది. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. తర్వాత అత్త పోయింది. ఆ మాట మాత్రం పోలేదు. పెళ్లిళ్లలో నేను పక్కన కూర్చుంటే ఆడవాళ్లు హ్యాండుబ్యాగులు ఒళ్లోకి లాక్కునేవాళ్లు. నా భ్రమే కావచ్చు, నాకు మాత్రం అట్లాగే కనపడేది.

"పిలిస్తే పోరాదా? ఇంకా ఎన్నేళ్లు మోస్తావు?" అన్నాడు మా ఆయన. పోయాను. నమ్మి కాదు, ఆమెకేం కావాలో కనుక్కుందామని. పుంగనూరు ఇల్లు అమ్మే మాట నడుస్తోంది, అందులో మా వంతు నా పేరు మీద ఉంది. ఈ మర్యాదంతా సంతకం కోసమే అని తేల్చేసి, కళ్లద్దాలు పెట్టె అడుగున చీరల మధ్య దాచాను. చదవలేనంటే ఎట్లా పెట్టించుకుంటుందో చూద్దామని.

కుప్పం నుంచి నేరుగా బెంగుళూరు పోవాల్సిన మనిషి కారు వేసుకుని పలమనేరు, పుంగనూరు చుట్టుకుని నాకోసం మదనపల్లె వచ్చింది. అదింకో అనుమానం. చింతామణి దగ్గర ఆపి టీ తాగించింది. విమానంలో కిటికీ సీటు నాకే ఇచ్చింది. చేతిసంచి మాత్రం ఒళ్లోంచి దించలేదు, బాత్రూంకు కూడా తీసుకుపోయింది. కాగితాలు అందులోనే ఉన్నాయి అనుకున్నాను. మబ్బులు చూడమంటే నేను ఆ సంచినే చూశాను.

కౌలాలంపూర్‌లో దిగాక, పాస్‌పోర్టులు చూసే అమ్మాయి మీరిద్దరూ ఏమవుతారని ఇంగ్లీషులో అడిగింది. "కో-సిస్టర్స్" అనింది తోడికోడలు. మన దగ్గర టీచర్లు కూడా వాడే ఇంగ్లీషే, ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "సిస్టర్స్?" అంది. "ఎస్, ఎస్, సిస్టర్స్" అనేసి తోడికోడలు నా భుజం మీద చెయ్యి వేసింది. కాదని చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. తలూపాను గానీ ఒళ్లు మండిపోయింది. దొంగనన్న నోటితోనే అక్కచెల్లెళ్లమనడం ఎంత సులువు!

హోటల్ గదికి చేరేసరికి సాయంత్రమైంది. నేను చెప్పులు విప్పకముందే ఆమె తలుపు గడియ పెట్టి సంచి తెరిచింది. అందులో కాగితాల్లేవు. అత్త వాడిన, మాసిపోయిన వక్కాకు సంచి ఉంది. దాని లోపలి అరలోంచి కెంపుల కమ్మలు తీసి నా అరచేతిలో పెట్టింది.

"అత్త ట్రంకుపెట్టె మా ఇంటికి తెచ్చుకున్నా గదక్కా, దాని అడుగున దొరికింది. అత్తే ఇందులో పెట్టి మర్సిపోయుండాది. పాపిష్టిదాన్ని, నిన్ను అంత మాటన్నా. ఆడ సెప్పేదానికి నోరు రాలా. ఈడైతే మనోళ్లెవరూ ఉండరని..." ఏడుస్తూ మంచం మీద కూలబడింది.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "అనేటప్పుడు వీధంతా వినిపించినావే. ఒప్పుకునేదానికి సముద్రం దాటాల్నా?" అన్నాను.

అంతలో నా ఫోన్ మోగింది. అత్తగారి వీధిలోనే ఉండే మా ఆడబిడ్డ, చేరామో లేదో అని వీడియో కాల్ చేసింది. "చేరినారామ్మా? గది సూపిచ్చండి!" అంటోంది. నేను ఫోన్ తోడికోడలి చేతిలో పెట్టాను.

ఆమె నా ముఖం చూసింది. కళ్లు తుడుచుకుంది. "వదినా, పక్కింటోళ్లను, ఎదురింటోళ్లను గూడా పిలువు. ఒక మాట సెప్పాల" అనింది.

ఎనిమిదేళ్లు కాచుకున్న మాటను నలుగురి ముందు నిలబడి వినే ధైర్యం నాకే లేకపోయింది. బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని, తలుపుకు చెవి ఆనించి, దొంగలాగా విన్నాను.