మా అత్త దిద్దిన ఆల్బమ్

మొన్న పన్ను పీకించుకున్నాను. తిరుపతిలో అదేమీ విశేషం కాదు. ఊరినిండా తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లే తిరుగుతుంటే ఒక్క పన్ను పోగొట్టుకున్న మనిషి ఎవరి కంటికీ ఆనడు. దవడలో దూది పెట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే ఫోను టింగుమంది. "మా సేవకు ఐదుకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అట. మత్తు ఇంకా వదల్లేదు. నోరు ఉన్నదో లేదో నాకే తెలియని స్థితిలో నా అభిప్రాయం అడుగుతున్నారు. వేలు అలవాటు చొప్పున ఐదో నక్షత్రం మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. అలా ఆపిన మనిషి మా మేనత్త. ఆమె పక్కన లేదు, కొర్లగుంటలో తన ఇంట్లో ఉంది. అయినా ఆపింది.

మా నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. చిత్తూరులో కొన్నేళ్లు, పలమనేరులో కొన్నేళ్లు, చివరికి తిరుపతిలో, ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో లెక్కలు చెప్పింది. ఎండాకాలం సెలవుల్లో అందరి అత్తలూ ఊరగాయలు పెట్టుకుంటుంటే మా అత్త స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేది. పదో తరగతి పిల్లల జవాబు పత్రాలను ఒక్కచోట కట్టలు కట్టలుగా పోసి, మాస్టర్లను వరసగా కూర్చోబెట్టి దిద్దించే ఆ శిబిరానికి ఆమె ఎర్ర పెన్నులు, మజ్జిగ సీసా, ఒక తువ్వాలు తీసుకుని యుద్ధానికి పోయినట్టు పోయేది. అక్కడి నియమాలు మా ఇంట్లో మాకు చిన్నప్పుడే కంఠతా వచ్చేశాయి. ప్రతి పేజీ తిప్పాలి. ఖాళీ పేజీని కూడా చూసి, చూసినట్టు అడ్డగీత కొట్టాలి. పక్కవాడు ఎన్ని వేశాడో చూడకూడదు. బిడ్డ ఎవరో, ఏ ఊరో తెలుసుకోకూడదు. ఇష్టంతో ఒక మార్కు వేసినా, కోపంతో ఒక మార్కు కోసినా అది దొంగతనమే. పెళ్లిచూపుల్లో నన్ను గురించి పెళ్లికూతురివాళ్లు విచారిస్తే, "మంచోడే గానీ నూటికి అరవై అయిదు" అని చెప్పిన మనిషి ఆమె. సంబంధం కుదిరింది. వాళ్లు అంతకు ముందు చూసినవాళ్లకు ఇంకా తక్కువ వచ్చి ఉంటుంది.

రిటైరయ్యాక మోకాళ్ల కోసం నడవమన్నారు. మా అమ్మాయి తన పాత ఇయర్‌ఫోన్లు ఇచ్చి, కీర్తనలు పెట్టి పంపింది. కీర్తనలు అయిపోగానే ఫోను సొంత బుద్ధితో ఇంకెవరి పాటో ఎత్తుకుంది. హైదరాబాదులో ఉండే ఒక గాయని పాట అది. సినిమాలకు పాడదు, తన పాట తానే రాసుకుని తానే పాడుకుంటుంది, కుర్రకారంతా ఆమెను అక్క అంటారు. అత్త రోజూ కంటే రెండు చుట్లు ఎక్కువ నడిచి వచ్చి మా అమ్మాయిని నిలదీసింది. "ఏమ్మే, ఈయమ్మ ఎవురు? ఎవుర్నీ బతిమలాడకుండా పాడతా ఉండాది!" అప్పటికి మామ పోయి ఏడాదైంది. సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా ఆ ఇంట్లో చాలా పొడుగైన గంట. మా అమ్మాయి ఆమెను తిరుపతి అభిమానుల ఫోను గుంపులో చేర్చింది. అత్త ఉదయం స్వామివారి పూలంగి బొమ్మ పెట్టేది, సాయంత్రం ఆరింటికి మెట్ల మీద కూర్చుని, ఆ రోజు ఏ పాట విన్నదో, ఏ చరణం ఎందుకు నచ్చిందో రాసేది. పిల్లలు "సూపర్ అవ్వా" అని జవాబిచ్చేవాళ్లు. ఆ గంట మెల్లగా పొట్టిదైంది.

ఆ గుంపుకు పెద్ద ఎవరంటే, గాంధీరోడ్డు పక్క సందులో గాజుల కొట్టు నడిపే ముస్లిం కుటుంబంలోని అబ్బాయి. అబ్బాయి అంటున్నానే గాని ఇరవై ఆరేళ్లవాడు, కొట్టంతా అతని చేతిమీదే నడిచేది. ఇంట్లో ఉర్దూ, కొట్టులో తెలుగు, సరుకు తెచ్చే మద్రాసువాళ్లతో అరవం, గుంపులో మాత్రం అన్నీ పెద్ద అక్షరాల ఇంగ్లీషు. అత్తను "టీచరమ్మా" అనేవాడు. ఆమె కొట్టుకు వెళితే గాజులు చూపించడం మానేసి పాటలు వినిపించేవాడు.

మూడేళ్ల కిందట ఆ గాయని కొత్త ఆల్బమ్ వచ్చింది. పది పాటలు, గంటా పది నిమిషాలు. ముందుగా ఎవ్వరికీ వినిపించలేదని, అందరితో పాటే అందరూ వినాలని ఆమే ప్రకటించింది. శుక్రవారం ఉదయం ఆరింటికి విడుదలైంది. అత్త స్నానం చేసి, కాఫీ తాగి, దీపం పెట్టి మరీ మొదలుపెట్టింది. ఐదో పాటలో ఉండగా గుంపులో నిప్పంటుకుంది. నగరంలో పేరున్న ఒక విమర్శకుడు అప్పుడే సమీక్ష రాసేశాడు. ఐదుకు రెండు. పాటలన్నీ ఒకే మూసలో ఉన్నాయన్నాడు. చివరి పాటలో సాహిత్యం మరీ పేలవమన్నాడు. ఓపికగా చివరిదాకా వినేవాళ్లకు తన సానుభూతి తెలియజేశాడు.

తిరుపతి గుంపు ఆ రోజు చేసిన పనులన్నీ ఇక్కడ రాయను. అందులో కొందరికి ఇప్పుడు ఉద్యోగాలొచ్చాయి. ఆ విమర్శకుడి పాత ఫోటోలు, పొట్ట, బట్టతల అన్నీ చర్చకు వచ్చాయి. మధ్యాహ్నానికి అతని తల్లిదాకా వెళ్లారు. అత్త ఒక్కతే అడ్డుపడింది: "ఆయప్ప రాసిందాన్ని తిట్టండి. వాళ్లమ్మ ఏం జేసింది పాపం?" అప్పటికి ఆమె ఆల్బమంతా రెండుసార్లు విన్నది. కాగితం మీద ఏదో లెక్క వేసింది. తర్వాత నాకు ఫోను చేసింది.

"రేయ్, ఆల్బమ్ ఆరింటికి వచ్చినాది గదా. ఆయప్ప రాసింది ఆరూ నలభైకి. పాటలేమో గంటా పది నిమిషాలు. ఎట్ల ఇనినాడురా?"

"వేగంగా విని ఉంటాడులే అత్తా."

"పదో పాటలో సాహిత్యం బాలేదన్న్యాడు. పదో పాటలో మాటలే లేవు గదరా! ఆయమ్మ ఉత్త రాగం తీసి వదిలేసినాది. లేని మాటలు ఆయప్పకు యాడ ఇనిపించినాయి?"

నేను మళ్లీ విన్నాను. నిజమే. ఏడు నిమిషాలు ఒక్క మాట లేదు. నాకున్న కొద్దిపాటి జ్ఞానంతో, పెద్ద విమర్శకులకు మనకు వినబడనివి వినబడతాయేమో అన్నాను. అత్త నవ్వలేదు. "పేపరు తిప్పకుండా మార్కులేసినాడు" అని ఫోను పెట్టేసింది. ఆమె భాషలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఈలోగా గాజుల కొట్టు అబ్బాయి ఒక పథకం వేశాడు. ఆదివారం సాయంత్రం ఐదింటికి అభిమానులంతా ఒకేసారి "నూటికి నూరు" అని బొమ్మ పెట్టాలి. తిరుపతి తరఫున మొదటి బొమ్మ మా అత్తది. ముప్పై ఏళ్లు మార్కులేసిన లెక్కల టీచరే నూరు వేసిందంటే ఆ రెండు నక్షత్రాలవాడు ఎక్కడ తల పెట్టుకుంటాడన్నది అతని ఆలోచన. ఇంటికొచ్చి అడిగాడు: "టీచరమ్మా, మీరే వాల్యుయేషన్ చెయ్యాల." అత్త ముఖం వెలిగిపోయింది. "చేస్తానప్పా" అన్నది. అతను సంతోషంగా వెళ్లిపోయాడు. మా అత్తను వాల్యుయేషన్ చేయమని అడగడమంటే ఏమిటో అతనికి తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు. అది ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది, కొంచెం మాత్రమే.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి అత్త వసారాలో శిబిరం మొదలైంది. పాత సహోద్యోగులు ఇద్దరిని పిలిపించింది. ఒకరు హిందీ పండిట్ గారు, ఇంకొకరు సైన్సు మేడమ్. ఇద్దరూ ఆ గాయని పేరు అంతకు ముందు వినలేదు. "అదే మంచిది" అన్నది అత్త. పాటలు వినిపించే తన ఫోను తప్ప మిగతా ఫోన్లన్నీ కూరగాయల బుట్టలో వేయించింది. పాటకు పది: రాగానికి మూడు, మాటకు మూడు, గొంతుకు రెండు, మళ్లీ వినాలనిపిస్తే రెండు. పాట అయ్యాక రెండు నిమిషాలు మౌనం. చీటీ మీద మార్కు వేసి మడిచి ఇవ్వాలి. మార్కులు కూడే పని నాది, ఎందుకంటే లెక్కలు రానివాడు కూడితే ముగ్గురూ మళ్లీ సరిచూస్తారని ఆమె నమ్మకం. ఏడో పాటలో పక్కింటి కుక్కరు కూత పెట్టింది. అత్త చెయ్యెత్తి ఆపించి, మొదటినుంచి పెట్టించింది. "కుక్కరు కూతకు ఆ బిడ్డ బాధ్యురాలు కాదు" అన్నది. పదో పాటలో మాటలే లేవు, మాటకున్న మూడు మార్కులు ఏం చేయాలని సైన్సు మేడమ్ అడిగితే, కాసేపు చర్చించి వాటిని రాగానికి కలిపారు. ఆ పాటకు ముగ్గురూ తొమ్మిదేసి వేశారు. హిందీ పండిట్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఎండ ఎక్కువగా ఉందన్నారు. వసారాలోకి ఎండ రాదు.

తొమ్మిదో పాటకు మాత్రం ముగ్గురి చేతా రెండే పడ్డాయి. నాలుగో పాటకు నాలుగు. మొత్తం కూడి చూపాను, ముగ్గురూ సరిచూశారు, సగటు తీశాను. నూటికి యాభై ఎనిమిది.

పన్నెండింటికి గాజుల కొట్టు అబ్బాయి ఫోనులో బొమ్మతో సిద్ధంగా వచ్చాడు. అందులో "100" బంగారు రంగులో మెరుస్తోంది. నా చేతిలో చీటీ చూశాడు. మా అమ్మాయి వైపు చూశాడు. మా అమ్మాయి మేడ వైపు చూసింది.

"టీచరమ్మా, ఇది మన అక్క ఆల్బమ్."

"తెలుసప్పా. అందుకే గదా ఇంతసేపు ఇనింది."

"రెండు మార్కులన్నా కలపండి, ఫస్ట్ క్లాస్ అయితాది."

"నా కొడుక్కే కలపలేదు నాయనా. పలమనేరు బళ్లో యాభై తొమ్మిదితో ఉండిపోయినాడు."

అతనికి నిజంగానే కోపం వచ్చింది. "అట్లయితే ఆయప్ప ఏసింది నలభై, మీరు ఏసింది యాభై ఎనిమిది. మీకూ ఆయప్పకూ తేడా ఏముండాది?"

"ఆయప్ప ఇనకుండా ఏసినాడు. నేను ఇని ఏసినాను. అంతే తేడా. ఇనకుండా నూరు ఏసినా ఆయప్ప పక్కన పోయి కూర్చున్నట్టే."

"ఇది గుంపులో పెట్టినారంటే మిమ్మల్ని తీసెయ్యమంటారు. తీసెయ్యాల్సింది నేనే. నా చేత ఆ పని చేయించొద్దు టీచరమ్మా."

అత్త ఎర్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. ఆమె ఏం తూచుకుంటోందో వసారాలో ఉన్న అందరికీ తెలుసు. సాయంత్రం ఆరింటి మెట్లు, "సూపర్ అవ్వా"లు, ఇంకో మనిషితో పాట గురించి మాట్లాడే ఆ ఒక్క గంట. తర్వాత లేచి, పెద్ద తెల్లకాగితం తీసుకుని, గీతలు గీసి, పది పాటలకూ మార్కులు, ఒక్కోదానికి కారణం, కింద ముగ్గురి సంతకాలు, అన్నీ ఎర్ర పెన్నుతో రాసింది. అడుగున సమీక్షకుడికి ఒక వాక్యం: "అయ్యా, పదో పాటలో మీరు విన్న సాహిత్యం మాకు దొరకలేదు. దయచేసి పంపగలరు."

"నీ పని నువ్వు చెయ్యి నాయనా. నా పని నేను జేసినా" అని కాగితాన్ని ఫోటో తీయించి గుంపులో పెట్టింది. విమర్శకుడికి కూడా పంపించింది. సాయంత్రం ఐదింటికి ఊరంతా బంగారు నూర్లు మెరిశాయి. ఐదూ పదికి అత్తను గుంపు నుంచి తొలగించారు.

ఆ వారం నేను రెండుసార్లు వెళ్లాను. ఆరింటికి ఆమె మెట్ల మీదే కూర్చునేది. ఫోను ఒళ్లో ఉండేది, తెరిచేది కాదు. రెండు మార్కుల కోసం ఇంత అవసరమా అత్తా అన్నాను. "రెండు మార్కులు కాదురా, పోయేది నేనే" అన్నది, అంతకంటే వివరించలేదు. కాగితం మాత్రం ఊరుకోలేదు. ఎవరెవరో పంపుకున్నారు. పదో పాట గురించిన ప్రశ్న విమర్శకుడిని వదల్లేదు. నాలుగో రోజున అతని సమీక్షలో పదో పాట సాహిత్యం మీద రాసిన వాక్యం చప్పుడు లేకుండా మాయమైంది. నక్షత్రాలు రెండే ఉన్నాయి. నూర్లు పెట్టినవాళ్లు మాత్రం ఎవరి చేతా ఒక్క అక్షరం మార్పించలేకపోయారు. నేనది ఆమెకు చెబితే, "రాసిన జవాబు తానే కొట్టేసినాడంటే తప్పు ఒప్పుకున్నట్టేరా" అని, ఆ రోజు మాత్రం కాఫీలో చక్కెర రెండు చెంచాలు వేసుకుంది.

పదో రోజు సాయంత్రం గాజుల కొట్టు అబ్బాయి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"టీచరమ్మా, తొమ్మిదో పాటకు రెండు ఏసినారు. అన్యాయం."

"ఎట్ల అన్యాయం?"

అతను తల గోక్కున్నాడు. "నిజం చెప్తా ఉండా, కోప్పడొద్దు. ఆ పొద్దు నేను ఇనింది నాలుగు పాటలే. నూరు బొమ్మ ఆల్బమ్ రాకముందే, గురువారమే చేసి పెట్టుకున్న్యా. మీ కాగితం చూసినాక మొత్తం ఇనినా. తొమ్మిదో పాట ఆరుసార్లు ఇనినా. దానికి ఏడు రావాల."

అత్త లేచింది. ఆమె ముఖం చూసి నేను జరిగి చోటిచ్చాను. "దా అప్పా, కూర్చో. రీవాల్యుయేషన్ పెట్టుకుంటే పెట్టుకున్నట్టుండాల. ఫోను బుట్టలో వెయ్యి."

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని విన్నారు. అతను ప్రతి చరణానికీ వాదించాడు. ఆమె ప్రతి వాదననూ కొట్టేసింది, ఒక్కటి తప్ప. రెండో చరణంలో గొంతు కావాలనే సన్నబడిందని, అది లోపం కాదని ఒప్పుకుంది. మిగతా ఇద్దరికీ ఫోనులో వినిపించి వాళ్లనూ ఒప్పించింది. తొమ్మిదో పాటకు మూడు. మొత్తం యాభై తొమ్మిది.

"ఇంకొక్కటి..." అన్నాడతను.

"లేదు."

అతను ఆమెను మళ్లీ గుంపులో చేర్చాడు. నలుగురు అభ్యంతరం చెప్పారు. చివరిదాకా విన్నవాళ్లే అభ్యంతరం చెప్పాలని కొత్త నియమం పెట్టాడు. గుంపు సర్దుకుంది, కొంచెం పలచబడింది కూడా. మంచి చెడ్డలు కాలమే తేలుస్తుందని ఇలాంటి చోట్ల రాయడం మర్యాద. నేను చూసినంతలో కాలానికి చాలా పనులు, అది దేన్నీ చివరిదాకా వినకుండానే దాటిపోతుంది. కూర్చుని వినే పని మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక మనిషి మీదే పడుతుంది.