వేళ గాని వేళ దేవర పాట

మా అత్త పాట కంప్యూటర్లోకి ఎక్కనని మొండికేసిన రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ గట్టిగా నవ్వలేదు. ఇప్పుడు చెబితే వినేవాళ్ళకు తమాషాగా ఉంటుంది. వేలెడంత ప్లేయరు, మూరెడు వైరు, ఒక పాత కంప్యూటరు. వీటి మధ్య తగువుకు ఇల్లంతా బిక్కచచ్చిపోవడమా అని. బిక్కచచ్చిపోయాం మరి. ఏం చేస్తాం?

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామ పోతే, మహేంద్రమంగళంలో మా ఇంటికే తిరిగి వచ్చేసింది. నన్ను సగం పెంచింది ఆమే. రాగి చేలో కలుపు దగ్గర నుంచి టమాటా గంపలు బండికెత్తించేదాకా ఆమె గొంతు వినబడని చోటు ఉండేది కాదు. ఆ గొంతుకు ఇంకో పని కూడా ఉండేది. మా వంశానికి దేవర ఉంది. కొన్నేళ్ళకొకసారి అన్నదమ్ముల కుటుంబాలన్నీ కూడి అమ్మవారికి చేసే పండుగ అది. అందులో అమ్మవారిని పిలిచే పాట ఒకటుంది. చాలా పొడుగు. ఇంటి ఆడపడుచుల్లో పెద్దది పాడాలి. ఎత్తుకుంటే మధ్యలో ఆపకూడదు. దేవర లేనప్పుడు అసలు పాడకూడదు. పాడితే పిలిచినట్టే, పిలిస్తే ఆమె వస్తుంది, వచ్చినామెను ఉత్త చేతులతో పంపకూడదు. ఇదీ మావాళ్ళ నమ్మకం.

ఆ పాట అత్త ఒక్కతెకే వచ్చు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే అయినా గడప దాటితే అంతా తమిళం, చదువూ తమిళమే. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది చాలా తర్వాత. పాట నేర్పించమంటే అత్త, "నేర్పిస్తే వచ్చేదా అది? దేవరలో నా పక్కన నిలబడు, అదే పట్టుకుంటాది నిన్ను" అనేది. ఆమెకూ అలాగే వచ్చిందట. కానీ వచ్చే దేవర రాకముందే అత్త గొంతులో గడ్డ లేచింది.

బెంగుళూరు ఆసుపత్రిలో చూసి, కోసి తీసెయ్యాలన్నారు. మాట మిగలొచ్చు, మిగలకపోవచ్చు, ముందే చెప్పలేమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త కిటికీవైపు తిరిగి కూర్చుంది. కారిమంగళం దాటాక నావైపు తిరిగి, "మాట పోతే పోనీమే. పాట ఏమైతాది?" అంది.

అప్పుడు నేను ధర్మపురిలో కాలేజీకి పోతుండేదాన్ని. నాన్న కొనిచ్చిన పాటల ప్లేయరు ఒకటి ఎప్పుడూ నా మెడలో వేలాడుతుండేది. అందులో గొంతు రికార్డు చేసే మీట కూడా ఉంది. "దీంట్లోకి పాడు అత్తా, కంప్యూటర్లో దాచి పెడతా, ఎప్పటికీ పోదు" అన్నాను. అత్త ఆ ప్లేయరును అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మవారిని అడగాల" అంది.

అడగడమంటే పువ్వు పెట్టి చూడడం. ఎర్ర గన్నేరు ఒక ఆకులో, తెల్ల మల్లె ఒక ఆకులో పొట్లం కట్టి, పటం ముందు పెట్టి, కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లది వస్తే సరే అన్నట్టు. ఎర్రది వస్తే వద్దన్నట్టు, ఇంక ఆ మాటే ఎత్తకూడదు. అత్త తలకు పోసుకుని, తడి కొంగుతోనే పూజ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. చాలాసేపటికి తెల్ల మల్లె చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. "సరేనంది" అని ఊరుకుంది. మా అమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంది.

పెళ్ళి కాని పిల్ల వేళ గాని వేళ ఆ పాట పాడేచోట ఉండకూడదు. అందుకని మీట నొక్కి ఎర్ర లైటు వెలగగానే పూజ గదిలో ప్లేయరు అత్త చేతిలో పెట్టి, ఆపే మీట చూపించి, నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. మూసిన తలుపు అవతల నుంచి మాటలు తెలియలేదు. బొంగురుపోయిన గొంతు లేచి పడుతూ ఉండడమే వినిపించింది. కొట్టంలో ఎద్దులు నెమరు ఆపేసి ఇంటివైపే చూస్తూ నిలబడ్డాయి. అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు కూడా చేయలేదు. గొంతు ఆగిపోయాక కూడా అత్త వెంటనే బయటికి రాలేదు.

వచ్చేసరికి రవికె అంతా తడిసి ఉంది. చేతిలో ప్లేయరు ఎర్రగా వెలుగుతూనే ఉంది. "ఆపలేదా అత్తా?" అని మీట నొక్కాను. ఆమె మొహంలో రంగు పోయింది. "ఇంతసేపూ వింటానే ఉండిందా ఇది?" అంది.

"వినకుండా ఏం చేస్తుంది? ఆపితే కదా ఆగేది."

అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఇది మొదట నా ముందరే వినాల. పాట అయిపోతానే ఆపెయ్యాల. ఆపైన ఒక్క మాట వినకూడదు. చెప్పినానా లేదా?"

"చెప్పినావులే, చెయ్యి వదులు" అన్నాను. ఆమెకున్న వంద నియమాల్లో ఇదొకటి అనుకున్నాను.

అవి కరెంటు కోతల ఏళ్ళు. ఆ రోజు మళ్ళీ కంప్యూటరు పెట్టలేకపోయాం. తెల్లవారితే ఆయుధ పూజ. కొడవళ్ళు, పారలు, మోటారు స్టార్టరు, కుట్టు మిషను, బీరువా, నాన్న బండి, కంప్యూటరు అన్నిటినీ తుడిచి గంధం, కుంకుమ పెట్టాం. ప్లేయరును మాత్రం అత్త నన్ను తాకనివ్వలేదు. "ఇప్పుడిది మిషను కాదు, అమ్మవారు" అని తానే అరచేతిలో పెట్టుకుని ముందూ వెనకా అంచులకూ గంధం పూసి, ప్రతి వైపూ బొట్టు పెట్టింది. పూజలో పెట్టినదాన్ని ఆ రోజు వాడకూడదు. అంతా ముగిశాక మర్నాడు నేను పైపైన తుడిచి వైరు తగిలించాను.

ప్లేయరుకు అడుగున చిన్న కంత ఉంది. పాట బయటికి రావాలన్నా, బ్యాటరీ నిండాలన్నా అదొక్కటే దారి. తగిలించగానే కంప్యూటరు కిణుక్కుమంది. పాటల పేర్లు కనిపించాయి. అత్త పాటను కంప్యూటర్లోకి లాగాను. తెర మీద పచ్చగీత పాకుతూ పాకుతూ సగం దాటి ఆగిపోయింది. కిణుక్కుమని మళ్ళీ శబ్దం. తెర మీంచి ప్లేయరు మాయం. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ సగం దాటాక అక్కడే. ఇంకోసారి. అక్కడే. నా వెనక నిలబడి చూస్తున్న అమ్మ, "ఎత్తుకుంటే మధ్యలో ఆపకూడదనేది ఇదేనే. ఎవరో ఆపుతా ఉండారు" అంది. "నువ్వు ఊరుకో మా!" అని కసురుకున్నాను. కసురుకున్నానే గాని నా ఒళ్ళు కూడా జలదరించింది.

వైరు మార్చాను. కంప్యూటరు వెనక ఉన్న కంతకు పెట్టాను. ప్లేయరుతో వచ్చిన సాఫ్టువేరు తీసేసి మళ్ళీ ఎక్కించాను. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను. అలా చేసే కొద్దీ ఇంకా చెడింది. మొదట సగందాకా పోయిన గీత పావు కూడా పోవడం మానేసింది. తర్వాత పాటల పేర్లే రాలేదు. "ఈ పరికరాన్ని గుర్తించలేకపోయాం" అని ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చేది. ఒకసారి ఇంకా ఘోరం. "ఈ డిస్కును ఫార్మాట్ చెయ్యాలా?" అని అడిగింది. చేస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని నాకు తెలుసు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కరెంటు ఎక్కక బ్యాటరీ కూడా అడుగంటుతోంది. ఇంకెవరూ ఆన్ చెయ్యకూడదని ప్లేయరు దాచేశాను.

ధర్మపురిలో బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటరుకు తీసుకుపోయాను. ఆ ఓనరు తగిలిస్తే అదృష్టం కొద్దీ పలికింది. కానీ పలకగానే, ఈ ప్లేయరు వేరే కంప్యూటరుతో జత కట్టింది, దీంట్లోవి తుడిచేసి ఇక్కడి పాటలు నింపమంటారా అని అక్కడి కంప్యూటరు అడిగింది. ఆయన సరే అనడానికి మౌసు మీద వేలు పెట్టాడు. ఆ వేలి మీద ఒక్కటిచ్చాను. నిజంగానే కొట్టాను. సెంటరంతా తిరిగి చూసింది. "ఏం పాపా, పిచ్చా?" అన్నాడు తమిళంలో. వైరు పీక్కుని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అత్త ప్రయాణానికి బట్టలు మడత పెట్టుకుంటోంది. ఆపరేషనుకు రమ్మని కబురొచ్చింది. అమ్మ ఉండబట్టలేక, "వదినా, గొంతు ఉండంగానే ఇంకొకసారి పాడండి. మళ్ళా పువ్వు అడిగి చూడండి" అంది. అత్త మడత పెట్టిన చీరే మళ్ళీ విప్పి మడత పెట్టింది. "ఒకసారి అడిగినాను. ఇంకొకసారి అడిగే మొగం లేదు నాకు" అంది. అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

నాన్న అత్తను బస్సెక్కించేటప్పుడు ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "ఎక్కిందా?" అంది. ఎక్కలేదన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఎక్కుతాది. తీసుకునేది తీసుకున్నాక విడిచిపెడతాది" అంది. ఆమె నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే అవుతుందని అప్పుడు నాకేం తెలుసు?

కొన్ని రోజులకు నాన్న ఫోను చేశాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. "కానీ గొంతు తీసేసినారు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. పూజ గది ముందు నిలబడి, "చాలా? తీసుకున్నావు కదా, చాలా?" అని పటం మీద అరిచాను. అమ్మ నా నోరు మూసింది.

ఆసుపత్రికి ఇంకొన్ని బట్టలు పంపాలి. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ బీరువా తెరవబోతే తాళంచెవి దూరలేదు. "ఏటేటా ఇదే గోల. కంతలోకి గంధం పోకుండా పెట్టండ్రా అంటే వినరు" అని గొణుగుతూ చీపురుపుల్లతో తాళం కంతలో గెలకడం మొదలుపెట్టింది. ఎండిపోయిన గంధం పసుపుపచ్చగా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. నేను ఆ పెళ్ళలనే చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ప్లేయరు కోసం పరిగెత్తాను.

దాని కంతను వెలుతురుకు పట్టి చూశాను. లోపలంతా పసుపుపచ్చ! అత్త తన చేత్తో, భక్తి కొద్దీ, అంచుల్లోకంతా దట్టించింది. తడిగా ఉన్నంతసేపు ఎలాగో పలికి, ఎండేకొద్దీ నోరు కట్టుకుపోయింది. చీపురుపుల్ల కొనకు దూది చుట్టి, ఊపిరి బిగబట్టి శుభ్రం చేశాను. తగిలించాను. కిణుక్కుమంది. పచ్చగీత పాకింది. సగం దాటింది. ఎప్పుడూ ఆగే చోటికి వచ్చేసరికి అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. గీత ఆగలేదు. చివరిదాకా పోయింది. కరెంటు పోయేలోగా సీడీ మీదికి కూడా ఎక్కించాను. గంధం తప్ప ఇందులో ఇంకేమీ లేదని అమ్మతో గట్టిగా చెప్పాను. నాకు నేనే చెప్పుకున్నాను అంటే సరిపోతుందేమో.

పాట మాత్రం వినలేదు. మాట ఇచ్చాను కదా.

అత్త మెడకు తెల్ల గుడ్డ చుట్టుకుని ఇల్లు చేరింది. చిక్కిపోయింది. వచ్చిన మర్నాడే కంప్యూటరు వైపు వేలు చూపించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మ వంటింట్లో ఉంది. పాట పెట్టాను. గదంతా అత్త గొంతు నిండిపోయింది. పక్కనే కూర్చున్న అత్త పెదవులు కదుపుతోంది, శబ్దం లేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఓణీ కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తూ ఉండిపోయాను. అందుకే పాట అయిపోయింది తెలియలేదు.

అత్త నా మోచెయ్యి కుదిపింది. నేను కొంగు తీసేలోపల స్పీకర్లోంచి ఆయాసం, ఆ వెంటనే ఆమె గొంతు, పాట కాదు, మామూలుగా నాతో మాట్లాడే గొంతు.

"అమ్మా తల్లీ, ఎర్ర పువ్వే వచ్చింది. వద్దంటివి. నేనే తెల్లది వచ్చిందని అందరికీ చెప్పినాను. పాట నాతోనే పోతాదని భయపడి పిలిచినాను నిన్ను. తప్పు నాది. బయట అరుగు మీద కూచోని ఉండాదే, ఆ బిడ్డకేమీ తెలవదు. ఈ పాటల పెట్టె దానిదైనా పాపం దానిది కాదు. తీసుకోవాలంటే నా గొంతు తీసుకోని పో. దాని జోలికి పోవద్దు."

అత్త అరచెయ్యి స్పీకరు మీద అడ్డం పెట్టింది. ఆ మాటలు ఆమె వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉన్నాయి. నేను ఆపేశాను.

"ఎర్రదా అత్తా?" అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత వంటింటి వైపు చూసి నా నోటి మీద వేలు పెట్టింది.

"అయిపోయిందా పాట?" అమ్మ లోపల నుంచి కేకేసింది.

"అయిపోయింది మా" అన్నాను.

మా దేవరలో ఇప్పటికీ అత్త గొంతే పాడుతుంది. పెద్ద స్పీకర్లు కడతారు, వైర్లు లాగుతారు, ఆ పనులన్నిటికీ మనుషులున్నారు. పాట పెట్టడానికి కూడా పిల్లలు పోటీ పడతారు, పెట్టనిస్తాను. ఆపేది మాత్రం నేనే. ఆఖరి చరణం వస్తుండగానే పోయి మీట మీద వేలు పెట్టుకుని నిలబడతాను. వీడియో తీసుకునే పిల్లలు పక్కకు జరగమంటారు. జరగను.