ట్రేడ్ టెస్టులో నేను ఫస్టు రాలేదు

మా బంధువుల్లో మగవాళ్లందరికీ నా గురించి ఒక కథ తెలుసు. ఐటీఐ పూర్తయిన ఏడాది, గంజాయి మత్తులో ఒక పెద్ద ఫ్యాక్టరీ ట్రేడ్ టెస్టుకు వెళ్లాననీ, కళ్లు సగం మూసుకునే లేత్ మీద పని ముగించి ఫస్టు వచ్చాననీ, ఉద్యోగం ఇస్తామంటే "ఒకడి కింద పని చేసే రకం కాదు" అని చెప్పి వచ్చేశాననీ ఆ కథ. దాన్ని ఊరంతా తిప్పింది నేనే. పెళ్లిళ్లలో చెప్పాను, బారసాలల్లో చెప్పాను, ఒకసారి పెద్దకర్మలో కూడా చెప్పాను. అక్కడ బాగా పండింది. పోయినాయన కొడుకు కూడా నవ్వాడు.

అందులో టెస్టుకు వెళ్లడం నిజం, గంజాయి నిజం. మిగతాది సరిచేయడానికే ఇది రాస్తున్నాను. నా గొప్ప నా దగ్గరే ఉండి ఉంటే ఇంత శ్రమ పడేవాణ్ణి కాదు. మా మేనల్లుడు దాన్ని నమ్మాడు.

మా అక్క ఇల్లు కంచరపాలెంలో. అమ్మవారి పండగకి మేమంతా అక్కడ చేరతాం. మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మీసం మొలిచిన కుర్రాడికి మొదటి మందు గ్లాసు మేనమామ చేతి మీదుగా పడాలి. ఏ పూజారీ చెప్పింది కాదు. కానీ చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒడి ఎంత ముఖ్యమో ఇదీ అంతేనన్నట్టు మా మగాళ్లు నడుపుకొస్తున్నారు. బయట ఎవడితోనో తాగి చెడిపోయే కంటే మనవాళ్ల చేతిలో మొదలుపెట్టడం మేలని దీని వెనక తర్కం. చెడిపోవడం ఖాయం, చెడగొట్టేవాడు మాత్రం మనవాడై ఉండాలి అన్నమాట. మా మేనల్లుడు పదో తరగతి పాసైన ఏడు, మేడ మీద వాటర్ ట్యాంకు వెనకాల, మేకమాంసం కూర నంజుకోవడానికి పెట్టి నేనే బీరు పోశాను. వాడు మొహం చిట్లించాడు. "అలవాటైపోద్ది రా" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన జోస్యాల్లో ఫలించింది అదొక్కటే.

మొన్నీమధ్య అక్క ఫోన్ చేసింది. నేను ఆటోనగర్‌లో నా లేత్ షాపులో ఉన్నాను. వాడిప్పుడు ఇంటర్ రెండో ఏడు. బాత్రూం వెంటిలేటర్లో షాంపూ కవరు వెనక ఒక పొట్లం దొరికిందట. ముందు తలనూనెలో మరిగించే ఆకేమో అనుకుందట. వాసన చూశాక ఒకప్పుడు తను ఉతికిన నా చొక్కాలు గుర్తొచ్చాయట.

"లేతు ఆపీసి రా. ఈడి బుర్రలో ఏటుందో నువ్వే సూడు" అంది.

పెద్దమనిషి తరహాలో వెళ్లాను. వాడు మంచం మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. వాటిని తీయించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఏటిరా ఇది? సదువుకునే వయసులో..."

"వీడ్, మావయ్యా. నీకు తెల్దా?"

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు ఏ వయసులో మొదలెట్టినావు?"

"నా సంగతి వేరు."

"వేరేటి? నువ్వు దమ్ము కొట్టీసి టెస్టులో ఫస్టొచ్చినావు. నాను ఫస్టు రానక్కర్నేదు, పాసైతే సాలు. అయినా మేడ మీద బీరు పోసింది నువ్వే కదా?"

గుమ్మంలో నిలబడి వింటున్న అక్క చేతిలో చీపురు ఉంది. అప్పటి వరకు అది ఇల్లు ఊడవడానికే ఉంది.

"ఓలమ్మో! నువ్వేనేటిరా పోసింది?"

"ఆచారం అక్కా..."

"ఆచారమేటి నీ మొకం! సెవులు కుట్టించినపుడు ఒళ్లో కూకోబెట్టుకోమంటే నడుం నొప్పన్నావ్. మందు పొయ్యడానికి ముందుకొచ్చీసినావా?"

తీర్పు చెప్పడానికి వెళ్లినవాణ్ణి ముద్దాయినయ్యాను. సీతమ్మధారలో ఒక మానసిక వైద్యురాలు ఉందని అక్కకు ఎవరో చెప్పారు. "ఇద్దరూ ఎల్లి సూపించుకోండి. ఎవుడి బుర్ర ఎంత మిగిలిందో కనుక్కుని రండి" అని పంపింది.

డాక్టరు చిన్నదే, నా కూతురి ఈడు. తిట్టలేదు. తిడితే వాడూ నేనూ ఒక పక్షమయ్యేవాళ్లం. ఎంత తాగుతావు, ఎంత పీలుస్తావు అని అడిగింది. వాడేదో గొణిగాడు. ఆమె రాసుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

పదిహేడేళ్లకి మనిషి ఎత్తు ఎదిగిపోవచ్చు కానీ మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుందట. ఇరవైలు సగం దాటే వరకు పని నడుస్తుందట. అదీ ఇదీ కావాలంటూ ఎగబడే భాగం ముందే సిద్ధమవుతుంది. ఆగి ఆలోచించమనే ముందు భాగం ఆఖరున వస్తుంది. వాడని తీగలు తీసేసి, వాడే తీగలకి తొడుగు వేసే పని ఈ వయసులోనే జరుగుతుంది. ఆ పనికి మెదడు తన సంకేతాలు తాను పంపుకుంటుంది. గంజాయి అచ్చం ఆ సంకేతాల్లాగే నటిస్తూ లోపలికి చొరబడి పనిని గందరగోళం చేస్తుంది. మందు సంగతి వేరు. కొత్తగా విన్నదాన్నీ చదివినదాన్నీ జ్ఞాపకంగా మార్చే చోటుని అది దెబ్బ కొడుతుంది.

"అందరికీ ఒకేలా జరగదు. ఎంత చిన్న వయసులో మొదలుపెట్టారు, ఎంత తరచుగా తీసుకుంటారు అనేదాన్ని బట్టి ఉంటుంది. కొందరికి లేని మాటలు వినిపించే జబ్బు కూడా రావచ్చు. అది ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం" అంది.

వాడు నా వైపు వేలు చూపించాడు. "మరి మా మావయ్యకేటవనేదు కదా మేడమ్? ఫుల్లుగా పీల్చి టెస్టులో ఫస్టొచ్చాడు."

"అవునాండీ?" అని ఆమె నన్ను అడిగింది.

ఇన్నేళ్లుగా నాకు భోజనాల్లో రెండో వడ్డన, బావల దగ్గర గౌరవం సంపాదించి పెట్టిన కథ అది. ఇంకెవరు అడిగినా కొనసాగించేవాణ్ణి. వాడు మాత్రం నా నోటి వైపే చూస్తున్నాడు.

"లేదండీ. ఫెయిలయ్యాను" అన్నాను.

జరిగింది ఇది. మాకు ఇనపకడ్డీ ఇచ్చి, చెప్పిన కొలతకి లేత్ మీద తరగమన్నారు. కొలవడానికి వెర్నియర్ ఇచ్చారు. దాని మీద పెద్ద స్కేలు అంకె చూసి, చిన్న స్కేలు అంకె చూసి, రెండూ కలపాలి. చిన్న అంకె చూసేసరికి పెద్ద అంకె బుర్రలోంచి జారిపోయేది. మళ్లీ పెద్దది చూస్తే చిన్నది పోయేది. పక్కవాళ్లు పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే, నేను ఆ కడ్డీని పసిబిడ్డ జ్వరం చూసినట్టు పట్టుకుని కొలుస్తూనే ఉన్నాను. చివరికి అందాజుగా తరిగేశాను. పరీక్ష పెట్టినాయన దాన్ని పైకెత్తి, "ఇది షాఫ్టా, అగరొత్తా?" అన్నాడు.

"అంటే... నిజంగా ఫెయిలా?" అన్నాడు మేనల్లుడు.

"ఫెయిలే."

"మరి ఉజ్జోగం ఇత్తామన్నారన్నావ్?"

"గేటు దాకా వాచ్‌మన్‌ని తోడిచ్చారు."

ఇప్పటికీ కొలత చూడగానే మిషన్ మీద సుద్దతో రాసుకుంటాననీ, షాపులో కుర్రాళ్లు అది నా పనితనం అనుకుని నేర్చుకుంటున్నారనీ డాక్టరుకి చెప్పాను. "అది అప్పటి గంజాయి వల్లేనని చెప్పలేమండీ, వయసు కూడా వచ్చింది కదా" అంది. పశ్చాత్తాపంతో పాటు ఒక సాకు కూడా దొరుకుతుందనుకున్నాను. అదీ పోయింది.

తిరుగుదారిలో వాడు స్కూటర్ వెనక కూర్చున్నాడు. తాటిచెట్లపాలెం దగ్గర సిగ్నల్ పడింది.

"మావయ్యా, ఆ అంకెలు జారిపోడం పీల్చిన రోజేనా?"

"పీల్చని రోజు కూడా. అప్పటికి పొద్దున్నా సాయంత్రం కొట్టీవోణ్ణి."

"నాకూ అలగే అవతంది. కెమిస్ట్రీలో పేజీ తిప్పేసరికి ముందు పేజీ పోతంది. నువ్వు ఫస్టొచ్చినావు కదా, నాకూ ఏటవదులే అనుకున్నాను."

సిగ్నల్ పచ్చబడినట్టుంది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, "ఏటి బావా, రోడ్డు కొనీసుకున్నావేటి?" అని అరిచాడు. బండి పక్కకి తీసి ఆపాను.

"పోయింది మళ్లీ వొస్తాదా మావయ్యా?"

వచ్చేస్తుందిరా, నీకేం అన్న మాట నా నోట్లో తయారుగా ఉంది. అలాంటి మాటలు నాకు ఎప్పుడూ తయారుగానే ఉంటాయి. వాడు అద్దంలోంచి నా మొహం చూస్తున్నాడు.

"నాకు తెల్దురా" అన్నాను. "ఆవిణ్ణడగొచ్చు కదా ఇందాక?"

"ఎలా అడుగుతాను? ఎంత పీలుత్తన్నానో కూడా తగ్గించి సెప్పాను."

బండి తిప్పాను. క్లినిక్‌లో టోకెన్లు రాసే అమ్మాయి మమ్మల్ని చూసి, "ఇప్పుడే ఎల్లారు కదండీ" అంది. ఒక మాట మిగిలిపోయిందని చెప్పి, లోపలి పేషెంటు బయటికొచ్చే వరకు నిలబడ్డాం. తలుపు తెరుచుకోగానే నేనూ వాడితో కదిలాను.

"నువ్వు రాకు."

"ఎందుకురా?"

"నువ్వుంటే కతలు సెప్తావు."

వాడు వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. అక్క ఫోన్ చేసింది.

"ఏటన్నాదిరా డాక్టరు?"

"మళ్లీ ఎల్లాడు. లోపలున్నాడు."

"ఒక్కడేనా? నువ్వేటి సేత్తన్నావ్?"

"బయట కూకున్నాను."

"అక్కడే కూకో. ఏటీ సెప్పకు ఎవుళికీ" అని ఫోన్ పెట్టేసింది.