బెంగళూరు దగ్గర అని చెప్పను

ఇంజనీరింగ్ మూడో ఏడాది చివర్లో మా కాలేజీవాళ్లు హైదరాబాదు నుంచి ఒక ట్రైనర్‌ను పిలిపించారు. ఉద్యోగాలిచ్చే కంపెనీలు వచ్చేలోగా మాకు ఇంటర్వ్యూల్లో మాట్లాడటం నేర్పించడం ఆయన పని. మొదటి రోజే నన్ను నిలబెట్టి, నా గురించి ఇంగ్లీషులో చెప్పమన్నాడు. మాది కంబదూరు, నాయన వేరుశనగ పండిస్తాడు అని మొదలుపెట్టాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదువు. మాట మాటకీ ఆగుతున్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"కంబదూరు ఎవరికి తెలుస్తుందమ్మా? బెంగళూరు దగ్గర అని చెప్పు. నాన్నగారిది అగ్రి బిజినెస్ అను. ముందు ఆ యాస వదిలించుకో."

క్లాసంతా నవ్వింది. నేను కూర్చోలేదు.

"ఇంగ్లీషు తప్పుంటే దిద్దండి సార్. ఊరు మాత్రం మార్చను."

నేను ఇంటర్వ్యూలకు ఇంకా సిద్ధంగా లేనని ఆయన తేల్చేశాడు. అలా తేలినవాళ్లను కంపెనీల ముందుకు పంపరు.

ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మన ఊరేం తప్పు చేసిందంటమ్మా?" అన్నాడు.

నాకు కోపమే వచ్చింది. మర్నాటి నుంచి రోజూ హాస్టల్ మేడ మీద, బట్టలారేసే తీగల కింద, రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకునేదాన్ని. ఆమెదీ మా వైపే, గోరంట్ల. ఆమె ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఇంటర్వ్యూలో లాగా ఇంగ్లీషులో ఆమె అడిగేది, నేను చెప్పేదాన్ని. తర్వాత నేను అడిగేదాన్ని. నేను మధ్యలో ఆగిపోతే కసిరేది.

"తప్పో ఒప్పో చివరిదాంకా చెప్పు. ఈడ నవ్వేకి ఎవురున్నారు?"

ఇంటర్వ్యూల రోజు నేరుగా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గదికి వెళ్లాను.

"నన్ను వద్దనాలంటే కంపెనీవాళ్లు అనాల సార్. మీరు ముందే అంటే ఎట్ల?"

ఆయన విసుక్కున్నాడు. నేను కదల్లేదు. చివరికి, "పో, ఆఖర్లో కూర్చో" అన్నాడు.

ఇంటర్వ్యూ చేసినావిడ నా ప్రాజెక్టు గురించి అడిగింది. నేలలో తడి తగ్గగానే డ్రిప్ మోటారు దానంతటదే ఆన్ అయ్యే పరికరం అది. చెబుతుండగా ఒక మాట తట్టలేదు. కాగితం ఇస్తే గీసి చూపిస్తానన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులోనే. గీశాను. ఆవిడ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. అర్థం కానివి మళ్లీ అడిగించుకుని మరీ చెప్పాను. ఎక్కడ పెట్టి చూశావంటే, కంబదూరులో, మా చేనిలో అన్నాను.

ఉద్యోగం వచ్చింది. రూమ్మేట్‌కు ఆ రోజు రాలేదు. ఆ తర్వాత వేరే కంపెనీలో వచ్చింది.

కాలేజీవాళ్లు నన్ను కెమెరా ముందు నిలబెట్టి, ట్రైనింగ్ వల్లే ఉద్యోగం వచ్చిందని చెప్పమన్నారు.

"నేను నేర్చుకునింది మేడ మీద, నా స్నేహితురాలి దగ్గర. అదే చెప్తా" అన్నాను. చెప్పాను కూడా, మా యాసలోనే.

ఆ వీడియోను వాళ్లు ఎక్కడా పెట్టలేదు. పెట్టకపోతే పోనీ. రూమ్మేట్ తన ఫోన్లోనూ తీసింది. జూనియర్ అమ్మాయిలందరికీ నేనే పంపించాను.