భూమి నడకను లెక్కగట్టిన ముహూర్త సిద్ధాంతి

మా పెదనాన్నగారు చిదంబర సిద్ధాంతిగారు పరమపదించారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం భోజనం చేసి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని నవ్వుతూ చెప్పి, కాసేపు నడుం వాల్చారు. మూడున్నరకు కాఫీ తీసుకుని వెళ్ళాను. ఆయన మూడున్నరకు ఒక నిమిషం ముందే లేచి కూర్చునే మనిషి. ఆ రోజు లేవలేదు. గ్లాసు పట్టుకుని అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. జీవితమంతా కాలాన్ని కొలిచిన ఆ మహానుభావుడి ఎదుట నాకు కాలమే తెలియకుండా పోయింది.

మన ఆలయ పత్రిక చదివేవారిలో చాలామందికి ఆయన ఉగాది పంచాంగ శ్రవణం ద్వారానే తెలుసు. ఫిలింనగర్ వారికి మాత్రం ఆయన ముహూర్తాల సిద్ధాంతి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఎన్నో సినిమాల మొదటి షాట్‌కు వేళ నిర్ణయించారు. అచ్చు పంచాంగంలో ఉన్న సూర్యోదయం ఆయనకు చాలేది కాదు. ముందురోజు సాయంత్రమే ఆ స్థలానికి వెళ్ళి, అక్కడి సూర్యోదయాన్ని స్వయంగా గణించుకుని వచ్చేవారు. మర్నాడు కెమెరా పక్కన నిలబడి ఉత్తరీయం కొంగు పైకెత్తేవారు. ఆ కొంగు దిగితేనే క్లాప్ కొట్టాలి. యూనిట్ మొత్తం ఊపిరి బిగబట్టి ఆ చేతినే చూసేది.

ఒకసారి కథానాయకుడు రావడం ఆలస్యమైంది. మేనేజరు పరుగున వచ్చి, "పంతులుగారూ, హీరోగారు చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారండీ. ఒక్క రెండు నిమిషాలు సర్దండి" అన్నాడు. "నేను సర్దుకుంటాను నాయనా, సూర్యుడికి ఎవరు చెబుతారు?" అని కొంగు దించేశారు. దేవుడి పటాల మీదే మొదటి షాట్ అయిపోయింది. ఆ హీరోగారు వచ్చి, "నేను లేకుండానే నా సినిమా మొదలెట్టేశారా స్వామీ" అని నవ్వి, పాదాలకు నమస్కరించారు.

చిన్నతనంలో ఉబ్బసం వల్ల నేను బడి గడప తొక్కలేదు. శ్రీనగర్ కాలనీలోని మా రెండు గదుల వాటాలో పెదనాన్నగారే నాకు అక్షరాభ్యాసం చేశారు. సంస్కృతం, పంచాంగ గణితం, ఆ తర్వాత ఇంగ్లీషు పుస్తకాల్లోని ఖగోళం, అన్నీ ఆయన నోటి వెంట విన్నవే. భగవంతుడు నాకు బడి ఇవ్వలేదు, ఆయనను ఇచ్చాడు. ఎక్కువే ఇచ్చాడని ప్రతి ఉదయం దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను.

కొన్నేళ్ళ క్రితం ఒక ఎండాకాలం, నోటుపుస్తకం మూసి, "రోజు పొడుగవుతోందమ్మా" అన్నారు.

"వేసవి కదా పెదనాన్నా."

"పగలు కాదే. రోజు. పగలూ రాత్రీ కలిపి."

అప్పుడు విడమరచి చెప్పారు. ధ్రువాల దగ్గర కొండలుగా పేరుకున్న మంచు మనం మండించే బొగ్గూ నూనెల వేడికి కరుగుతోంది. ఆ నీరు సముద్రాల్లో పరుచుకుంటూ భూమి నడుము వైపు చేరుతోంది. అంటే ఇరుసు దగ్గరి బరువు ఇరుసుకు దూరంగా జరుగుతోంది. అందువల్ల భూభ్రమణం కొంచెం మందగిస్తోంది. ఎంత కొంచెమంటే, సెకనును వెయ్యి ముక్కలు చేస్తే రోజుకు కలిసేది అందులో ఒకటి అరా, అదీ నూరేళ్ళకు. నాకు వినడానికే అపచారంలా తోచింది. "తప్పు పెదనాన్నా. భూదేవి నడకను మనుషులు మార్చడమేమిటి? అలా అనుకోవడమే అహంకారం" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "మార్చింది అహంకారంతోనే తల్లీ. అది తెలుసుకోవడం మాత్రం అహంకారం కాదు. నా మాట నమ్మకు. లెక్క కట్టి చూడు" అని కాగితాలు నా ముందుకు జరిపారు.

మూడు వారాలు కూర్చున్నాను. రెండుసార్లు తప్పు చేసి మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి నా చేతి లెక్కలోనూ ఇంచుమించు ఆ ముక్కే తేలింది. పెన్ను పక్కన పెట్టి, కూర్చున్న నేలను తాకి కళ్ళకద్దుకున్నాను. రోజూ నిద్ర లేవగానే, కాలు మోపే ముందు భూదేవిని 'పాదస్పర్శం క్షమస్వ మే' అని అడుగుతాను కదా, ఆ క్షమాపణకు అర్థం ఆ రోజు తెలిసింది.

మరుసటి ఉగాదికి ఆయన ఈ సంగతిని గుడిలో పంచాంగ శ్రవణంలోనే చెప్పారు. వెనక వరుసలో నవ్వులు లేచాయి. "అయితే మా ఆవిడ సీరియల్ లేటుగా మొదలవుతుందాండీ?" అని ఒకాయన. రిటైరైన ఇంజినీరుగారు ఒకరు లేచి, "సిద్ధాంతిగారూ, ఎండలు ఎప్పుడూ ఉన్నవే. ఈ వాతావరణం గోలంతా పై దేశాలవాళ్ళు పుట్టించిందండీ. పైగా భూమి స్పీడు పెరిగిందని మొన్ననే వార్త వచ్చింది. ఏది నమ్మమంటారు?" అని నిలదీశారు.

"రెండూ నమ్మండి. భూమి కడుపులో లోహద్రవం కదులుతూ ఉంటుంది. దాని వల్ల కొన్నేళ్ళు వేగం పెరుగుతుంది. చంద్రుడు వెనక్కి లాగడం అనాదిగా ఉన్నదే. వాటి మధ్యకు ఈ మంచునీరు కొత్తగా వచ్చి చేరింది. నేను చెబుతున్నది ఆ కొత్త సంగతి ఒక్కటే" అన్నారు పెదనాన్నగారు.

నవ్వులు ఆగలేదు. అప్పుడు కృష్ణానగర్‌లో ఉండే మంజుల లేచింది. సినిమా పాటల్లో గుంపులో నాట్యం చేసే అమ్మాయి. "జర జరుగుండ్రి సార్" అని మండపం మధ్యకు వచ్చి, చేతులు గుండెకు హత్తుకుని గిర్రున తిరిగింది. తిరుగుతూనే చేతులు బారగా చాపింది. వేగం ఇట్టే తగ్గింది. ఆగి, ఆయాసపడుతూ, "చేతులు చాపితే నిమ్మళమైతది. గిది మాకు మొదటి దినమే నేర్పిస్తరు. గింత పెద్ద చదువులు చదివిన్రు, గిది తెల్వదా సార్ మీకు?" అంది. పెదనాన్నగారు లేచి ఆ పిల్లకు రెండు చేతులూ జోడించారు. "ఇన్నేళ్ళు నేను మాటలతో చెప్పలేకపోయింది నువ్వు పాదాలతో చెప్పావమ్మా" అన్నారు.

నవ్వితే ఫరవాలేదు. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఆయన ముహూర్తం పెట్టిన ఒక పెద్ద సినిమా మొదటి వారంలోనే పోయింది. ఆ నిర్మాత పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇద్దరిని వెంటబెట్టుకుని మా వాటాకు వచ్చారు.

"గుడిలో మీరే చెప్పారటగా, భూమి మెల్లగా తిరుగుతోందని. అంటే మీ లెక్క తప్పు, ముహూర్తం తప్పు. అందుకే నా సినిమా ఇలా అయిందని అందరూ అంటున్నారు."

"క్లాప్ బోర్డు పలకలు రెండూ కలిసేలోపే ఆ తేడా లాంటి సెకను ముక్కలు ఎన్నో దొర్లిపోతాయి బాబూ. ముహూర్తం బాగానే ఉంది. ముహూర్తం నాది, కథ మీది."

పక్కనున్నతను నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నిర్మాతగారు స్వరం తగ్గించి బతిమాలారు. "మిమ్మల్ని పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదండీ. రేపు పత్రికలవాళ్ళను పిలుస్తాను. భూమి ఆగడం, మంచు కరగడం అంతా ఉత్త పుకారని ఒక్క మాట అనండి. శ్రావణంలో ఆరు సినిమాలు మీ చేతి మీదే మొదలవుతాయి. అనకపోతే ఇక మిమ్మల్ని పిలిచే ధైర్యం ఇక్కడ ఎవరికీ ఉండదు."

"అది పుకారు కాదుగా."

"మీరే అంటున్నారు కదండీ, గోరంత తేడా అని. దానికోసం ఇంత పట్టుదలా?"

"ముహూర్తానికి గోరంతే. కానీ ఇంత బరువైన తల్లిని ఆ గోరంతైనా కదల్చాలంటే ఎంత మంచు కరిగి ఉండాలో ఒక్కసారి ఆలోచించండి. నాకైతే భయమూ భక్తీ రెండూ కలుగుతాయి. దాన్ని లేదని చెప్పి, ఆ నోటితోనే మీ సినిమాకు మంత్రం చదవలేను" అన్నారు పెదనాన్నగారు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ శ్రావణంలో మా ఇంటికి ఒక్క కారూ రాలేదు. ఫోను మోగడం మానేసింది. నేను ఉక్రోషంతో, "ఆ ఒక్క మాట అనేస్తే ఏం పోయేది పెదనాన్నా?" అని అడిగాను. "నీకు నేర్పిన గణితం పోయేది" అన్నారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఎవరినీ నిందించలేదు. పిలవని ముహూర్తాలకు కూడా ఇంట్లో కూర్చుని ఉదయం వేళ గణించి, ఆ సినిమాలు బాగుండాలని అక్షతలు దేవుడి ముందు ఉంచేవారు. అలాంటి వైరాగ్యాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెదనాన్నగారు పోయిన పదో రోజున ఆ నిర్మాతగారు వచ్చారు. పటానికి దండ వేసి చాలాసేపు నిలబడ్డారు. వెళ్ళబోతూ, "ఆయన విద్య మీకు వచ్చని అంటున్నారమ్మా. మా కొత్త సినిమాకు వేళ మీరే చూసి పెట్టండి. ఆ భూమి సంగతి మాత్రం ఎత్తకండి" అన్నారు.

ఇంట్లో ఇక సంపాదించే మనిషి లేరు. "వేళ చూసి పెడతానండీ. నా అంతట నేను ఎత్తను. ఎవరైనా అడిగితే మాత్రం ఉన్నదే చెబుతాను" అన్నాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఇదే మాట పెదనాన్నగారైతే ఎదుటివారి మనసు నొప్పించకుండా, నవ్వించి మరీ చెప్పేవారు. నాకు ఆ నేర్పు లేదు. ఆయన ఇచ్చిన లెక్క ఉంది, ఆ నవ్వు ఆయనతోనే వెళ్ళిపోయింది. ఆ లోటు ఈ జన్మలో నాకు తీరేది కాదు. నా చేతికి సత్యాన్ని ఇచ్చిన ఆ చేతులకు, వాటిని నాకు చూపించిన పరమేశ్వరుడికి, మనందరి బరువునూ మోస్తూ ఇప్పటికీ తిరుగుతున్న ఈ తల్లికి సాష్టాంగ ప్రణామాలు.