మెరూనా, నీలమా

నువ్వులనూనెలో కర్పూరం వేసి సన్నసెగ మీద కాస్తే వచ్చే వాసన నాకు పడదు. పోయిన శనివారం క్రెయిగీబర్న్‌లో ప్రసాద్ అంకుల్ వాళ్ళ ఇంటికి వెళ్తే, ఆంటీ తలుపు తీయగానే ఆ వాసనే ముక్కుకు తగిలింది, చెప్పులు విప్పకుండా వెనక్కి తిరిగి కారెక్కుదామనిపించింది. హాల్లో చాప మీద అంకుల్ బోర్లా పడుకుని ఉన్నారు. నడుము పట్టేసిందట. నన్ను చూసి తల కొంచెం ఎత్తి, "సమయానికి వచ్చావమ్మా సింధూ, ఒక్కసారి కాలు ఆనించు, పుణ్యముంటది" అన్నారు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసినచోట కాళ్ళు వచ్చాయట. అలా పుట్టినవాళ్ళు కాలితో మూడుసార్లు నిమిరితే పట్టిన నడుము వదులుతుందని మా ఒంగోలు వైపు గట్టి నమ్మకం. విమానమెక్కి వచ్చినవాళ్ళు ఆవకాయతో పాటు ఆ నమ్మకాన్ని కూడా తెచ్చుకున్నారు. క్రెయిగీబర్న్ తెలుగువాళ్ళలో అలా పుట్టింది నేనొక్కదాన్నే కావడంతో, తొమ్మిదేళ్ళు నిండకముందే నాకు వైద్యురాలి హోదా వచ్చేసింది. కొత్త ఇంట్లోకి సామాన్లు మోసి నడుము పట్టినవాళ్ళు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని కొయ్యబారినవాళ్ళు, ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి కార్పెట్ మీద బోర్లా పడుకునేవారు. నేను పాదం కడుక్కుని, ఎడమకాలితో మూడుసార్లు నిమిరి, పెద్దవాళ్ళకు కాలు తగిలించిన పాపం పోవడానికి వాళ్ళను చేత్తో తాకి కళ్ళకద్దుకునేదాన్ని. ఒక జంతికో, కొబ్బరుండో చేతిలో పెట్టేవారు. సగంమందికి తగ్గేది, ఎటూ తగ్గేదే తగ్గిందని ఇప్పుడు అనుకుంటాను గానీ అప్పుడు నా కాలి మీద నాకు చాలా గర్వం.

ఆ రోజుల్లో మా శనివారాలన్నీ ఫుటీ, అంటే ఈ దేశపు ఫుట్‌బాల్, ఆడే గ్రౌండ్ దగ్గరే గడిచేవి. ఇక్కడ చలికాలమైన జూన్, జులైల్లో పొద్దున్నే మంచు దిగి గడ్డి తెల్లబడి ఉండేది, గ్రౌండ్ అవతల సగం కట్టిన ఇళ్ళ కర్ర చట్రాలు వరసగా నిలబడి ఉండేవి, వాటి వెనక ఇంకా ఇళ్ళు రాని ఖాళీ పొలాల మీంచి చలిగాలి చెవులు కోసేది, ఆ గాలిలో తడి మట్టి వాసన, క్యాంటీనులో వేడెక్కుతున్న మాంసం కూరిన ‘పై’ల వాసన, మా ఆంటీలు మూతలు తీసిన స్టీలు డబ్బాల్లోంచి వచ్చే ఉప్మా వాసన కలిసిపోయేవి. మా నాన్నా, అంకుల్స్ అందరూ కోతిటోపీలు పెట్టుకుని, మడతకుర్చీలు గ్రౌండు గీత వెంబడి వరసగా వేసుకుని, ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసుకుని కూర్చునేవారు. మొదట్లో వాళ్ళకు ఆట ఓనమాలు కూడా తెలియవు. కోలగా ఉన్న బంతిని కాలితో తన్నుతారు, చేత్తో గుద్దుతారు, ఒకడి భుజం మీదికి ఇంకొకడు ఎగిరి పట్టుకుంటాడు, ఇదేం ఆటరా నాయనా అని నవ్వుకునేవారు. రెండేళ్ళు తిరిగేసరికి అంపైరుకి కూడా రూల్స్ చెప్పే స్థితికి వచ్చారు.

దానికి కారణం మా అన్నయ్య కార్తీక్. అన్నయ్యకి అప్పుడు పదిహేనేళ్ళు, పదో తరగతి. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దగ్గర ఎముకలు బయటికి పొడుచుకు వచ్చేలా ఉండేవాడు, బంతి గాలిలోకి లేస్తే మాత్రం మిగతావాళ్ళంతా కింద నిలబడి ఉండగా వాడొక్కడే నిచ్చెనెక్కినట్టు పైకి వెళ్ళేవాడు. ఆ యేడు చలికాలం మధ్యలో రెండు పెద్ద ప్రైవేటు స్కూళ్ళవాళ్ళు వాడిని చూడడానికి రావడం మొదలుపెట్టారు. పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే చదవాలి, ఫీజు మొత్తం వాళ్ళదే, బదులుగా వాళ్ళ జట్టుకి ఆడాలి. ఒక స్కూలు పిల్లలవి మెరూన్ కోట్లు, ఇంకో స్కూలువి నీలం కోట్లు. మావాళ్ళెవరికీ ఆ స్కూళ్ళ పేర్లు నోరు తిరిగేవి కావు, మెరూనోళ్ళు, నీలమోళ్ళు అనే అనేవారు.

ఇంకేముంది, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మొదలైంది. తెలుగువాడి పిల్లాడు ఈ దేశం ఆటలో ఈ దేశంవాళ్ళనే దాటిపోతున్నాడని ఎవరికి వాళ్ళు తమ కొడుకే అన్నంతగా మురిసిపోయారు. ఆ మురిపెంలో ప్రేమ లేదనను. కానీ ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే అదే ప్రశ్న, మెరూనా, నీలమా. మా నాన్న ఏ వైపు రైలెక్కాడు, అమ్మ కొత్త స్వెటరు ఏ రంగు కొంది, మ్యాచ్ అయ్యాక ఏ స్కూలాయన అన్నయ్య చేతిని ఎక్కువసేపు పట్టుకున్నాడు, అన్నీ సాక్ష్యాలే. ప్రసాద్ అంకుల్ నీలం పక్షం, కిలో మటన్ పందెం కూడా కాశారు.

వాళ్ళందరికీ వార్తాహరురాలిని నేను. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. కుర్చీల వరస వెంబడి నడిస్తే చాలు, ఒకరు బజ్జీ ఇచ్చి, ఇంకొకరు పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇంట్లో ఏమనుకుంటున్నారమ్మా?" అని అడిగేవారు. నిన్న రాత్రి నాన్న నీలం స్కూలు ఉత్తరం రెండుసార్లు చదివాడని చెప్పేదాన్ని. చెప్పడానికి ఏమీ లేనిరోజు కల్పించి చెప్పేదాన్ని. వినాయక చవితికి మా ఇంట్లో అందరం పుస్తకాలు దేవుడి ముందు పెట్టుకుంటే, అమ్మ ఆ రెండు స్కూళ్ళ రంగుల పుస్తకాలూ పత్రి పక్కన పెట్టింది. ప్రసాదానికి వచ్చినవాళ్ళు ఉండ్రాళ్ళు తింటూ, దండం పెట్టుకుంటూ, ఓరకంట ఏది పైనుందో చూసుకున్నారు. నీలం పైనుంది. సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా తెలిసింది. అన్నయ్యను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా వాడు తల వంచుకుని, తెలీదన్నట్టు, "డన్నో అంకుల్" అనేవాడు, అది వాడి వినయమని మెచ్చుకునేవారు.

చవితి వెళ్ళిన మంగళవారం ప్రాక్టీసు నుంచి అన్నయ్య మెల్లగా నడిచి ఇంటికి వచ్చాడు. కుడి మోకాలు తిరిగిందట. రాత్రి అన్నం తినేవేళకి వాచింది. ఆ శనివారమే సీజనులో చివరి పెద్ద మ్యాచ్, రెండు స్కూళ్ళవాళ్ళూ వస్తామన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆడొద్దని కాగితం రాస్తాడు, కాగితం క్లబ్బుకి వెళ్తుంది, క్లబ్బు నుంచి స్కూళ్ళకి వెళ్తుంది అని అమ్మ భయపడింది. నాన్నకు కూడా చెప్పలేదు. "బెణుకేలే, శనివారం దాకా ఎవరితోనూ అనమాక" అని నా గడ్డం పట్టుకుంది. తర్వాత స్టౌ మీద నువ్వులనూనె పెట్టి, కర్పూరం బిళ్ళలు నలిపి వేసి, నన్ను పాదం కడుక్కుని రమ్మంది. నా వైద్యం నడుముకే గానీ మోకాలికి కాదని నేనన్నాను. "నడుముకి పనిచేసేది మోకాలికి పనిచెయ్యదా?" అంది అమ్మ.

మూడురోజులు, స్కూలు నుంచి రాగానే అన్నయ్య మంచం మీద కాలు చాపేవాడు, అమ్మ నూనె రాసేది, నేను పాదంతో పైనుంచి కిందికి మూడుసార్లు నిమిరేదాన్ని. నా అరికాలికి ఆ మోకాలు వేడిగా, నీళ్ళు నింపిన సంచిలా మెత్తగా తగిలేది. ఆనించినప్పుడల్లా వాడి వేళ్ళు దుప్పటిని పట్టుకునేవి. తగ్గలేదని నా పాదానికి తెలుసు. శుక్రవారం అమ్మ, "ఎట్టుందిరా?" అంటే వాడు నా వైపు చూసి, "బెటర్ మా" అన్నాడు. అమ్మ నా పాదాన్ని ముద్దు పెట్టుకుంది. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం కుర్చీలు ఎప్పటికంటే ఎక్కువ వచ్చాయి. వేరే రాష్ట్రంలోని బ్లాక్‌టౌన్ నుంచి ఎవరివో చుట్టాలు కూడా వచ్చారు. ఆట మొదలవకముందు ప్రసాద్ అంకుల్ నన్ను పిలిచి, "అన్నయ్య కొంచెం కాలీడుస్తున్నట్టుందే, ఏమన్నా అయిందా?" అని అడిగారు. చేతిలో బజ్జీ పెట్టలేదు, నవ్వలేదు, నిజంగానే అడిగారు. ఆయన వెళ్ళి కోచ్‌తో ఒక్క మాట అంటే చాలు. ఏ కబురూ దాచుకోలేని నేను, "ఏం లేదంకుల్, బాగుంది" అన్నాను. అమ్మ చెప్పొద్దందని కొంత. చెబితే నా కాలు పనిచెయ్యలేదని తెలిసిపోతుందని ఎక్కువ.

రెండో భాగంలో అన్నయ్య బంతి కోసం లేచాడు. బంతి పట్టాడు కూడా. కుర్చీల్లోంచి అందరూ ఒక్కసారిగా లేచారు. వాడు కిందికి కుడికాలి మీద దిగాడు, కాలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు తిరిగింది. వాడి అరుపు ఈ చివరిదాకా వినిపించింది. చప్పట్లు ఆగడానికి కొంచెం సమయం పట్టింది, ఎందుకంటే చాలామంది బంతినే చూస్తున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫోటోలు చూపించి, లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందని, అంతకుముందే దెబ్బతిన్న మోకాలితో ఆడడంవల్ల ఎముకల మధ్య మెత్తటి పొర కూడా చితికిందని చెప్పింది. ఇన్నిరోజులు ఏం చేశారని అడిగితే అమ్మ, "ఆయిల్ మసాజ్" అంది. నా సంగతి చెప్పలేదు. ఏమీ తెలియని నాన్న అమ్మ వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. రెండు ఆపరేషన్లు అయ్యాయి. రెండు స్కూళ్ళూ త్వరగా కోలుకోవాలని మర్యాదగా ఉత్తరాలు రాసి, ఆ తర్వాత రాయలేదు. అంకుల్స్ వరసగా పళ్ళు పట్టుకుని వచ్చి, దిష్టి కొట్టిందన్నారు. ఎవరి దిష్టి అన్నది ఎవరూ అనలేదు. ఎండాకాలం వచ్చేసరికి ఇంకో వీధిలో ఒక కుర్రాడు లెగ్‌స్పిన్ బాగా వేస్తున్నాడని మడతకుర్చీలన్నీ క్రికెట్ గ్రౌండుకి వెళ్ళిపోయాయి.

పద్నాలుగేళ్ళు గడిచాక, పోయిన నెలలో ధైర్యం చేసి అన్నయ్యను అడిగాను, ఇంతకీ ఏ స్కూలు అనుకున్నావని. వాడు లాప్‌టాప్ మూశాడు. "నైదర్. ఇక్కడే మన స్కూల్లోనే ఉందామనుకున్నా. మై మేట్స్ వర్ హియర్" అన్నాడు. మరి ఆ కాలుతో ఆరోజు ఎందుకు ఆడావురా అన్నాను. "అందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారుగా" అన్నాడు. నేను అబద్ధం చెప్పిన సంగతి ఒప్పుకుందామని నోరు తెరిచాను. వాడు మళ్ళీ లాప్‌టాప్ తెరిచాడు.

ఇదంతా ప్రసాద్ అంకుల్ నడుము ముందు నిలబడి గుర్తు చేసుకున్నాను. నాకిప్పుడు ఆ వైద్యం రాదంకుల్, ఫిజియో దగ్గరికి వెళ్ళండి అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. పక్కకి మెల్లగా ఒత్తిగిలి, టీ అడిగి, పాతరోజులు తలుచుకున్నారు. ఆ గ్రౌండు పక్క పొలాలన్నీ ఇళ్ళైపోయాయని, ఆ చలిలో ఆ అల్లం టీ, ఆ సందడి మళ్ళీ రావని అన్నారు. ఆ తర్వాత, "ఇంతకీ మీవాడు ఏ స్కూలు అనుకున్నాడమ్మా? పందెం అట్టాగే ఉండిపాయె" అన్నారు.

"ఏదీ కాదంట అంకుల్. ఇక్కడే ఉందామనుకున్నాడంట" అని చెప్పాను.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "కాదులే అమ్మా" అన్నారు. "నీలమే. నాకు తెలుసు."

బయటికి వచ్చి కారెక్కుతుంటే స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. అన్నయ్య రోజూ అక్కడే రైలెక్కుతాడు. కళ్ళముందు తలుపులు మూసుకుపోతున్నా పరుగెత్తడు, నిలబడి తర్వాతి బండికి వెళ్తాడు.