టీచర్ గారు తూచిన చెమట

పోయిన మంగళవారం పొద్దున ఫస్టియర్ క్లాసులో సగటు గురించి బోర్డు మీద రాస్తుండగా పద్మ ఫోన్ చేసింది. క్లాసులో నేను ఫోన్ తియ్యను. మూడోసారి మోగేసరికి వరండాలోకి వచ్చాను. "వదినా, టీచర్ గారు పోయారు. నిద్రలోనే అంట" అంది. ఆవిడ గుండె బలహీనంగా ఉందని మాకు ఏడాదిగా తెలుసు. అయినా ఆ మాట నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది. మళ్ళీ క్లాసులోకి వెళ్ళి సగంలో వదిలేసిన లెక్క పూర్తి చేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ భవానీపురంలో మా వెనక వీధిలో ఉండేవారు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. నలభై ఆరేళ్ళ వయసులో నాకు ఖోఖో నేర్పిన మనిషి ఆవిడ. పోయినవారి గురించి రాసేటప్పుడు మనసు బరువెక్కాలి. నాకేమో పరిగెత్తాలన్నట్టు కాళ్ళు నిలవడం లేదు. ఇది తప్పేమో అని రెండు రోజులు ఆగి, ఇంక ఆగలేక రాస్తున్నాను.

నిరుడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదలైంది ఇదంతా. మా వీధి ఆడవాళ్ళం సాయంత్రాలు స్కూలు గ్రౌండులో నడిచేవాళ్ళం. టీచర్ గారు పిట్టగోడ మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు.

"బస్సు తప్పిపోయినవాళ్ళలాగా ఈ నడకలేంటమ్మా? పరిగెత్తేవాళ్ళు ఎవరూ లేరా మీలో?"

"పరిగెత్తడానికి మా వెనక ఎవరు పడతారండీ ఈ వయసులో?" అంది పద్మ. పద్మది మా వీధి చివర టైలరింగ్ షాపు. నోటికీ కుట్టు మిషనుకీ ఒకటే వేగం.

"ఎవరో ఎందుకు? ఒకళ్ళ వెనక ఒకళ్ళు పడండి. ఖోఖో అంటే అదే."

ఆటోనగర్ వైపు ఒక కాలనీలో ఆవిడ పాత శిష్యురాలు నలభై దాటిన ఆడవాళ్ళతో జట్టు కట్టిందట. మే నెలాఖరు ఆదివారం మ్యాచికి మా తరఫున ఆవిడే మాటిచ్చేసి వచ్చారు. ఖోఖోకి తొమ్మిది మంది కావాలి. వీధంతా గాలిస్తే మేము సరిగ్గా తొమ్మిది మందిమి తేలాం. ఒక్కరు మానేసినా జట్టు లేదు, మ్యాచి లేదు.

ఆ ఒక్కరూ నేనే అవుతానేమో అన్నంత పని జరిగింది. రెండో వారం ప్రాక్టీసులో, ఖో అందుకుని నాలుగడుగులు వేశానో లేదో, గ్రౌండు అంచున ఉన్న గోడ పక్కకు ఒరిగిపోయింది. తరవాత కళ్ళు తెరిస్తే ఆకాశం, అందులో ఎనిమిది తలకాయలు. మా ఆయన స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన కోప్పడే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం తింటూ మెల్లగా అన్నారు.

"ఇంకోసారి పడితే మాత్రం మానెయ్యాలి. నాకు భయమేసింది."

మర్నాడు పొద్దున్నే టీచర్ గారు వచ్చారు. కాఫీ వద్దన్నారు. మా ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే నన్నడిగారు.

"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి గ్రౌండుకి వచ్చేదాకా ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్ళావమ్మాయ్?"

మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను నసిగాను. ఆవిడ వదల్లేదు. చివరికి చెప్పాను. కాలేజీకి బయల్దేరే ముందు ఒకసారి. ఇంటికొచ్చాక ఒకసారి. మధ్యలో లేదు.

కాలేజీలో ఆడవాళ్ళ బాత్రూం కింద అంతస్తులో, ఆ చివర ఉంటుంది. తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. అక్కడ కూర్చున్న నలుగురు మగవాళ్ళ మధ్య నుంచి వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. అడగడం ఇష్టంలేక నీళ్ళు తాగడమే మానేశాను. ఇరవై ఏళ్ళు. స్టాఫ్ రూములో మిగతా ఆడవాళ్ళూ అంతే. ఆ సంగతి ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు. ఇది చదువుతున్న ఆడవాళ్ళలో ఎంతమంది ఇప్పుడు తలూపుతున్నారో నేను ఊహించగలను.

"మా ఊళ్ళో మాది శివారు చేను" అన్నారు టీచర్ గారు. ఆవిడ పుట్టింది కాలవ చివరి భూముల్లో, నీళ్ళు అందరికీ అందాక ఆఖరున చేరే చోట. "నెర్రెలిచ్చాకగానీ మా నాన్నకి నీళ్ళొచ్చేవి కావు. నువ్వూ అలాగే ఉన్నావు. నీకు జబ్బేం లేదు, నీళ్ళందడం లేదంతే. ఎందుకైనా మంచిది, బాబూ, ఒకసారి డాక్టరుకి చూపించు. తరవాత నాకు వదిలిపెట్టు."

డాక్టరు కూడా అదే అన్నారు. ఇంక నా అనుమానాలు మొదలయ్యాయి. ఎన్ని నీళ్ళు తాగాలి? ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. ఒకచోట ఎనిమిది గ్లాసులు. ఇంకోచోట మూడు లీటర్లు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నాలుగు. ఏది నిజమో తేలక, ఎక్కువ తాగితే పోయేదేముందని బెంజ్ సర్కిల్ దగ్గర రెండు లీటర్ల బాటిల్ కొన్నాను. దాని మీద ఏ గంటకి ఎక్కడిదాకా తాగాలో గీతలున్నాయి. కాలేజీలో తాగలేను కాబట్టి, సాయంత్రం ఇంటికి రాగానే గీతలన్నీ ఒక్కసారే దాటేశాను. ఆ కడుపుతో గ్రౌండుకి వెళ్ళి రెండు రౌండ్లు తిరిగేసరికి తాగిందంతా గోడ పక్కన కక్కేశాను.

టీచర్ గారు నా వీపు నిమురుతూ నవ్వారు. "చేను ఎండిందని గట్టుకి గండి కొడతారా ఎవరన్నా? మొత్తం కొట్టుకుపోతుంది. అంత చెమట పట్టి, ఉప్పు పోయాక వట్టి నీళ్ళు కడివెడు పోసుకోవడం ఇంకా ప్రమాదం, తెలుసా?"

"మరి ఎంత తాగమంటారు? ఒక్కొక్కళ్ళూ ఒక్కో మాట చెప్తున్నారు" అన్నాను. నిజానికి ఏడుపొచ్చింది. మ్యాచి పదిహేను రోజుల్లో ఉంది.

"ఎంతో నాకెలా తెలుస్తుంది? నీ ఒంటిని అడుగుదాం పద."

గ్రౌండు పక్కనే ఒక పాత ఇనుము కొట్టుంది. దాని ముందు పెద్ద కాటా. మర్నాడు ప్రాక్టీసుకి ముందు మా తొమ్మిది మందినీ దాని ముందు వరసగా నిలబెట్టారు.

కొట్టాయన బిత్తరపోయాడు. "ఇది ఇనుము తూచేదండీ, మనుషుల్ని కాదు."

"వీళ్ళూ తుప్పు పట్టినవాళ్ళేనయ్యా. తూచు."

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఒక్కరు ఎక్కితే ఒట్టు. పరుగెత్తమంటే పరుగెత్తుతాం, దుమ్ములో పడమంటే పడతాం, వీధిలో పదిమంది ముందు బరువు చూపించమంటే ఎలా? "పాతికేళ్ళుగా మా ఆయనకే చెప్పలేదు టీచర్ గారూ" అంది పద్మ. ఇంకొకావిడ చెప్పులు వేసేసుకుంది, వెళ్ళిపోవడానికి.

టీచర్ గారు భుజం మీది తువ్వాలు తీసి కాటా అంకెల మీద కప్పారు. కొట్టాయన్ని అటు తిరగమన్నారు. "మీ బరువు నాకెందుకమ్మా? ఆట ముందు ఎంత, ఆట తరవాత ఎంత, ఆ తేడా చాలు. నేనొక్కదాన్నే చూస్తాను. తేడా తప్ప నా నోట్లోంచి ఇంకో అంకె రాదు."

రాలేదు కూడా. ఆ తొమ్మిది బరువులూ ఆవిడతోనే వెళ్ళిపోయాయి.

గంట ఆడి, చెమట తుడుచుకుని మళ్ళీ ఎక్కాం. పద్మకి మూడు వందల గ్రాములు తగ్గింది. నాకు కిలో. ఒక్క గంటలో కిలో అంటే నేను నమ్మలేదు, మళ్ళీ ఎక్కి దిగాను. కిలోనే.

"ఈ కిలో పర్మనెంటుగా తగ్గితే ఎంత బావుండును వదినా" అంది పద్మ అసూయగా.

"అది కొవ్వు కాదు, నీళ్ళు" అన్నారు టీచర్ గారు. "కిలో తగ్గితే దగ్గర దగ్గర లీటరు కారినట్టు. ఇద్దరిదీ ఒకే ఆట, ఒకే ఎండ. ఆమెకి మూడొందలు, నీకు కిలో. ఇద్దరికీ ఒకటే లెక్క చెప్పేవాణ్ణి ఎలా నమ్ముతావు నువ్వు?"

ఇరవై ఏళ్ళుగా స్టాటిస్టిక్స్ చెప్తున్నాను నేను. సగటు మనిషి ఎక్కడా ఉండడని ప్రతి ఏడాదీ పిల్లలకి చెప్తాను. నా సంగతికి వచ్చేసరికి ఆ సగటు మనిషి గ్లాసులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ నాకు చెప్పింది ఇంతే. పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా, దాహం వేసినప్పుడల్లా తాగు. ఆటకి ముందు ఒక గ్లాసు. మధ్యలో విరామం దొరికినప్పుడల్లా నాలుగు గుక్కలు. కారిన లీటరులో మిగిలింది పడుకునేలోపు నెమ్మదిగా. చెమట బాగా కారిన రోజు ఉప్పేసిన మజ్జిగ తేట. సరిపోయిందో లేదో బాత్రూంలో చూసుకో: వరిగడ్డి రంగుంటే సరే, తేనె రంగుంటే చాల్లేదని, రంగే లేకపోతే ఎక్కువైందని. పద్మకి చెప్పింది వేరు. బీపీ మాత్రలు వాడే ఆవిడని మాత్రం ముందు డాక్టర్ని అడిగి రమ్మన్నారు.

ఇదంతా జరగాలంటే నేను కాలేజీలో నీళ్ళు తాగాలి. తాగాలంటే తాళంచెవి అడగాలి. రెండు రోజులు వెనకాడాను. మూడో రోజు ఆఫీసులోకి వెళ్ళి, "ఆ తాళంచెవి ఇక మీదట మా స్టాఫ్ రూములో ఉంటుందండీ" అని తీసుకొచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇరవై ఏళ్ళు ఎవరో ఏదో అంటారనుకున్నాను. స్టాఫ్ రూములో మేకుకి తగిలిస్తుంటే, మా ఇంగ్లిష్ మేడం లేచి వచ్చి నా చేతిలోంచే అందుకుని వెళ్ళింది.

వారం తిరిగేసరికి నాలో ఏదో మారింది. సాయంత్రాల తలనొప్పి పోయింది. కాలి పిక్కలు పట్టెయ్యడం మానేశాయి. నిజంగా నీళ్ళ వల్లేనా, లేక అనుకోవడం వల్లా అని ఆలోచించకుండా ఉండలేదు. ఆలోచిస్తూనే పరిగెత్తాను.

మ్యాచి రోజు ఆటోనగర్ గ్రౌండులో ఒకటే ఉక్క. లారీ షెడ్లలో పనిచేసేవాళ్ళు కూడా వచ్చి గోడెక్కి కూర్చున్నారు. మా ఆయన గీతకి ఆనుకుని నిలబడ్డారు, నేను పడితే పట్టుకోవడానికన్నట్టు. టీచర్ గారు ఆరోజు కుర్చీ అడిగి కూర్చున్నారు. మేమది పట్టించుకోలేదు.

ఏం ఆట అండీ అది. ఒకావిడ జడ ఊడింది, ఒకావిడ కళ్ళజోడు ఎగిరింది. పద్మ ఖో చెప్పిన అరుపుకి గోడ మీదవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నిర్ణయించిన టైము అయ్యేసరికి వాళ్ళకి తొమ్మిది, మాకు తొమ్మిది. సమానం. అంపైరు వచ్చి, ఇంకో ఇన్నింగ్సు ఆడతారా, ఇక్కడితో ఆపేద్దామా అనడిగాడు.

ఎనిమిది మందీ నా వైపు చూశారు. మా ఆయన గీత దాటి వచ్చేశారు. "చాల్లే, ఇంక వద్దు."

"బాబూ, ఆమెనే చెప్పనీ" అన్నారు టీచర్ గారు కుర్చీలోంచి. తరవాత నన్నడిగారు. "తల తిరుగుతోందా?"

"లేదండీ."

"దాహమేస్తోందా?"

నేను ఆలోచించాను. మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నకి నా దగ్గర నాలుగు జవాబులుంటాయి. ఆ సాయంత్రం ఒక్కటే ఉంది. "కొంచెం. నాలుగు గుక్కలు తాగి ఆడతాను."

మజ్జిగ అందించింది మా ఆయనే.

ముందు వాళ్ళు తరిమి నాలుగు పాయింట్లు తెచ్చుకున్నారు. తరవాత మా వంతు. నాలుగు మేమూ చేశాం. ఇక ఒక్కరు దొరికితే చాలు, అరనిమిషం ఉంది. ఎదురుగా ఉన్నది ఆకుపచ్చ చుడీదార్ ఆవిడ, అందాకా ఎవరికీ అందని మనిషి. ఆవిడ స్తంభం వైపు పరిగెత్తింది. నా వీపు మీద పద్మ చెయ్యి పడింది, "ఖో". లేచాను. కాళ్ళు నావేనా అనిపించింది. ఆవిడ స్తంభం చుట్టూ తిరగబోతుండగా ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చెయ్యి చాపి ముందుకు పడ్డాను. వేళ్ళకి చున్నీ కాదు, భుజమే తగిలింది. తరవాత నోటినిండా మట్టి.

మా ఆయన పరిగెత్తుకొచ్చి పక్కన కూలబడ్డారు. "పడ్డావు. చెప్పానా?"

"పడలేదండీ" అన్నాను మట్టి ఉమ్మేస్తూ. "దూకాను."

అప్పుడు లేచింది చూడండి గోల. మా ఆయన నన్ను లేపి నిలబెట్టి, అంపైరు వైపు తిరిగి, "పాయింటేగా, పాయింటేగా" అని రెండుసార్లు అడిగారు. పాయింటే. గెలిచాం.

ఆ హడావిడిలో పద్మ చల్లటి బాటిల్ ఒకటి మూత తీసి టీచర్ గారికి ఇవ్వబోయింది. ఆవిడ తీసుకోలేదు. "ఇవాళ్టికి నాది అయిపోయిందమ్మా" అన్నారు. అప్పుడు తెలిసింది మాకు. ఆవిడ గుండె నీళ్ళని మొయ్యలేదట. నీళ్ళూ కాఫీలూ మజ్జిగలూ అన్నీ కలిపి రోజుకి లీటరు దాటొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. మమ్మల్ని తాగమని వెంటపడిన ఆ ఎండాకాలమంతా ఆవిడ ఎండిన నోటితో ఎండలో నిలబడ్డారు.

"ముందే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"చెప్తే నా ముందు తాగడం మానేసేవాళ్ళు మీరు." ఆవిడ పద్మ చేతిలోని బాటిల్ తీసుకుని నాకిచ్చారు. "మీరు తాగుతుంటే నాకు బావుంటుంది. కానివ్వండి."

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది అదే. షెడ్లలో లైట్లు వెలుగుతున్నాయి. మట్టి కొట్టుకుపోయిన తొమ్మిది మంది ఆడవాళ్ళం వరసగా నిలబడి, తలలు వెనక్కి వాల్చి తాగుతున్నాం. నీళ్ళు గడ్డాల మీదుగా జారి మెడల్లోకి కారుతున్నాయి. టీచర్ గారు కుర్చీలో ముందుకు వంగి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కరి గొంతులో నీరు దిగడం చూస్తున్నారు.